ముక్కుతో చేసిన ఉద్యోగం

తాగుడు మాన్పించే ఇంట్లో చేరిన అయిదో నెలలో నాకు ఉద్యోగం ఇచ్చారు. చిత్తూరు ఊరి చివర మామిడితోట పక్కన ఉండేది ఆ ఇల్లు. మానేసి కుదురుకుంటున్నవాళ్లకు అక్కడే ఏదో ఒక పని అప్పజెప్పి జీతం ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఒకడికి వంట, ఒకడికి తోట. నాకేమో ముక్కుతో చేసే పని పడింది. బయటికెళ్లి వచ్చినవాళ్లు గేటు దగ్గర నా ముఖం మీద ఊదాలి, నేను వాసన చూసి, తాగలేదంటే రిజిస్టర్లో టిక్కు పెట్టాలి, తాగుంటే వార్డెన్ను పిలవాలి. ఊదించే మిషను చెడిపోయింది. దాన్ని బాగుచేయించడం కన్నా నేనే చవక.

మాది తిరుపతిలో గుడి కైంకర్యాల కుటుంబం. దేవుడికి పెట్టకముందు పులిహోర వాసన చూస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. అలాంటి ఇంట్లో పుట్టి, పదిమంది నోళ్ల వాసన చూసి జీతం తీసుకునే యోగం పట్టింది. ఫోన్లో మా నాయనకు మాత్రం సెక్యూరిటీ ఉద్యోగమని చెప్పాను. ఆయన మురిసిపోయాడు.

నా గదిలో ఉండే పుత్తూరు మెకానిక్కు నాకన్నా పదేళ్లు పెద్ద. అంతకుముందే ఒకసారి తాగి దొరికాడు. మళ్లీ దొరికితే పంపించేస్తారు, ఇంటికి పోతే భార్య తలుపు తీయనని చెప్పేసింది. ఒక సాయంత్రం ఊరికెళ్లి తిరిగొచ్చి, నేల చూస్తూ నా ముందు ఊదాడు. బ్రాందీ. అనుమానమే లేదు.

నేను టిక్కూ పెట్టలేదు, వార్డెన్నూ పిలవలేదు.

"ఇంగోసారి ఊదన్నా," అన్నాను.

ఊదాడు.

"సరిగ్గా తెలీలేదు. ఇంగోసారి."

ఈసారి ఊదలేదు. కళ్లు తెరిచేసరికి మెడ ముందుకు చాచి ఉన్నాను, ఆయన నన్నే చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"యాడికి పోతాండావప్పా నువ్వు?" అన్నాడు మెల్లగా.

ఆయన కాసేపు ఊరుకుని ఉంటే నేను టిక్కు పెట్టేసేవాణ్ణే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా తనే నడిచి వార్డెన్ గదిలోకి వెళ్లాడు.

"తాగినాను సార్. నన్ను పంపించేయండి, ఏమనుకోను. ఈయప్పను మాత్రం గేటుకాడ కూర్సోబెట్టొద్దండి. నా నోటి వాసనకే నోరూరతా ఉండాది."

మర్నాడు నన్ను వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి వేశారు. ఆయన సంచీతో వచ్చి "పోయొస్తానప్పా" అంటే తలెత్తలేదు. ఉద్యోగం పీకించాడని నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆ తర్వాత నేను తాగలేదు. ఆయన ఇంటావిడ తలుపు తీసిందో లేదో తెలియదు. పుత్తూరు ఇక్కణ్ణించి బస్సెక్కితే వచ్చే ఊరే, వెళ్లి అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు.