చిటారుకొమ్మన ఫిలొమీన్

మిషన్ పర్వతాల కింద సరస్సు ఒడ్డు ఊళ్లో ఫిలొమీన్ పేరు ఎరగనివాళ్లు లేరు. మనిషిని చూడనివాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. ఆమె నాలుగడుగుల పది అంగుళాలు. నలుగురిలో నిలబడితే కనపడదు. ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపింది. బస్సు దానంతటదే వస్తోందనుకుని ఎదుటి లారీవాళ్లు గుండెలు బాదుకుని బ్రేకులు తొక్కిన రోజులున్నాయి. బస్సులో పిల్లలు మాత్రం ఆమె నోరు విప్పితే కిక్కురుమనేవాళ్లు కారు. గొంతు ఏడడుగుల మనిషిది.

యాభై ఎనిమిదో ఏట బస్సు దిగి ఇంట్లో కూర్చుని పూసల కుట్టుపని మొదలుపెట్టింది. మొగుడు లూయీ పొద్దస్తమానం టీవీలో ఎవరో చేపలు పడుతుంటే చూస్తూ, "పడింది! పడింది!" అని కేకలు పెట్టేవాడు. అతను అరిచినప్పుడల్లా ఈమె వేలికి సూది దిగేది. రెండు నెలలు ఓర్చుకుంది. కొండ మీద తమ ఆదివాసీ తెగ అటవీశాఖ పనివాళ్లకి వంటమనిషి కావాలని మరిది ఆంట్వాన్ చెప్పగానే మూట సర్దేసింది.

ఆ పని తెల్లబెరడు పైన్ చెట్లది. ఏడువేల అడుగుల పైన, ఇంకేదీ బతకని రాతి గట్ల మీద పెరిగే అడవి అది. ఫిలొమీన్ అమ్మమ్మ ఆ గింజలు నిప్పుల్లో వేయించి గుప్పెడు గుప్పెడు చేతిలో పోసేది. ఇప్పుడు పది చెట్లు ఉన్నచోట ఏడు ఎండిపోయి ఎముకల్లా నిలబడ్డాయి. పరాయి దేశం నుంచి ఎప్పుడో వచ్చిన తుప్పు తెగులు తినేసింది. ఎక్కడో ఒక చెట్టు మాత్రం, చుట్టూ అన్నీ చచ్చినా, నాకేం అన్నట్టు పచ్చగా ఉంటుంది. ఆ మొండి చెట్టు గింజలు తెచ్చి నారు పోసి నాటితే అడవి మళ్లీ లేస్తుందని ఆశ.

కానీ కాయలు చిటారుకొమ్మల్లో కాస్తాయి. అవి ముదిరేలోపే బూడిదరంగు గింజపిట్ట వచ్చి పొడుచుకుపోతుంది. అందుకని జూలైలో చెట్టెక్కి కాయలకు ఇనుపవల తొడగాలి, సెప్టెంబరులో మళ్లీ ఎక్కి కోయాలి. ఎక్కే పని ఆంట్వాన్‌ది. అతను నూటపది కిలోలు. ఒకరోజు పైకొమ్మ కెవ్వుమంది, ఆంట్వాన్ అంతకంటే గట్టిగా కెవ్వుమన్నాడు. తాడు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ బృందానికి పెద్ద ఎలీస్ అనే పాతికేళ్ల అమ్మాయి. ఆమె చూపు చుట్టూ తిరిగి తిరిగి, గంటె పట్టుకుని పులుసు కలుపుతున్న ఫిలొమీన్ మీద ఆగింది.

"అత్తా, మీరెంత బరువు?"

"ఎందుకే? నన్ను కూడా ఇందులో వేస్తావా?"

నలభై రెండు కిలోలు. ఆ సాయంత్రమే ఆమె నడుముకి పట్టీలు బిగించారు. పిల్లల కొలత పట్టీలు సరిగ్గా సరిపోయాయి. చిటారుకొమ్మకెక్కి, జీవితంలో మొదటిసారి అందరికంటే ఎత్తున నిలబడి కిందికి చూసి, "ఆంట్వాన్, నీకు నడినెత్తిన బట్టతల వచ్చిందిరా!" అంది.

అప్పట్నుంచీ ఎక్కే పని ఆమెదే. గింజపిట్ట పక్క కొమ్మ మీద వాలి వలను పొడుస్తూ తిడితే, ఈమె రెండింతలు తిట్టేది. "గింజలు నువ్వు పాతిపెట్టి మరిచిపోతేనే ఈ అడవి మొలిచిందని నాకూ తెలుసే! ఈ ఒక్క చెట్టూ వదిలెయ్. మిగతా కొండంతా నీదే!"

రెండో ఏడు సెప్టెంబరులో మొండి చెట్టు విరగ్గాసింది. ఫిలొమీన్ కోసి బస్తా నింపింది. బస్తాకి కట్టిన తాడు పైకొమ్మన ఉన్న కప్పీ మీదుగా కిందికి దిగి ఆంట్వాన్ చేతిలో ఉంది. అతను తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని మెల్లగా వదులుతున్నాడు. బస్తా సగం దిగింది. అప్పుడు పొదల్లోంచి గ్రిజ్లీ ఎలుగుబంటి వచ్చింది. చెట్టు మొదట్లో ఉడుత దాచుకున్న కాయల గుట్ట కోసం దాని రాక.

బరువు వల్ల చెట్టెక్కడం మానేసిన ఆంట్వాన్ ఆ క్షణంలో బరువు సంగతి మరిచిపోయాడు. గబగబా ఎక్కసాగాడు. అతనొక అడుగు ఎక్కితే బస్తా ఒక అడుగు దిగుతోంది.

"ఒరేయ్, పైకి రాకురా! బస్తా ఎలుగు నోటికి అందుతోంది!"

"నేను దిగితే నేనందుతా వదినా!"

"ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే ఏదీ?"

"సంచిలో."

"సంచేదీ?"

"ఎలుగు పక్కన."

"తాడన్నా లాగరా!"

"చెట్టు వదలనంటే వదలను!"

ఎలుగు వెనక్కాళ్ల మీద లేచి బస్తాని మూతితో ఒక్క పోటు పొడిచింది. పైన ఉడుత తన కొంప మునిగిందని ఒకటే గోల. ఫిలొమీన్‌కి ఒళ్లు మండింది. ఆ చెట్టుకి మళ్లీ అంత కాపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

"కూర్చో!" అని అరిచింది.

ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగింది. ఆంట్వాన్ కొమ్మ మీద చతికిలబడ్డాడు.

"నన్నా, దాన్నా?" అన్నాడు.

ఆమె అప్పటికే కాళ్లు మానుకి తన్నిపెట్టి, తాడు పట్టుకుని, మూరెడు మూరెడు లాగి బస్తాని పైకి చేర్చి మానుకి కట్టేసింది. అరచేతులు చిట్లి, మీద జిగురంటి మండిపోయాయి. ఎలుగు మాత్రం ఏ తొందరా లేకుండా ఉడుత గుట్టంతా తవ్వి తిని, సంచి చింపి వేయించిన రొట్టెలూ, హకిల్‌బెర్రీ జామూ ముగించి, సీసా నాకి, గంటన్నర తర్వాత కదిలింది.

"జామ్ కూడా తినేసింది వదినా," అన్నాడు ఆంట్వాన్ దిగులుగా.

"రేపు ఇంకోటి తెస్తా. ముందు నువ్వు దిగు."

దిగడం అతనివల్ల కాలేదు. ఎలీస్ ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి పొద్దువాలేవేళకి దింపింది. ఆ వారమంతా ఊళ్లో ఎవరు కనపడినా ఆంట్వాన్‌ని "కూర్చో!" అన్నారు. అతను నిలబడే కాఫీ తాగాడు.

ఆ బస్తా గింజలు నర్సరీకి వెళ్లాయి. రెండు శీతాకాలాలు గడిచాక వేలెడంత నారు కొండకి తిరిగొచ్చింది. మంచు కరిగిన వారం ఫిలొమీన్, ఆంట్వాన్ ఎండిన మోళ్ల మధ్య, గాలి తగలని రాళ్ల చాటున నాటుతున్నారు. ఆంట్వాన్ గునపం మీద ఆనుకుని ఆగాడు.

"వదినా, ఇవి బాగా కాపుకి రావాలంటే అరవై ఏళ్లు పడుతుందట. ఎలీస్ చెప్పింది."

"మరి నిలబడ్డావేంరా? తవ్వు."

చీకటి పడేలోగా నూటనలభై నాటారు.