అన్నదమ్ముల నర్సరీకి వెబ్‌సైటు

హైదరాబాదులో ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చి, ఒక మందుల షాపు మీద మేడగది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసే పని మొదలుపెట్టాను. అప్పటికి నాకు క్లయింటు అనేవాడు ఒక్కడూ లేడు. నాతో పాటు కోడింగ్ రాసే అమ్మాయి ఒకతె ఉండేది. ఇద్దరం ట్యాబ్ పట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. వెబ్‌సైటంటే ఫోన్ నంబరూ దేవుడి బొమ్మా ఉండే పేజీ అనుకునేవాళ్లకి, వేలితో తాకితే కదిలే పేజీ చూపించేవాళ్లం. తణుకులో ఒక బట్టల షాపాయన తెర మీద చీర కొంగు పట్టి లాగి, అది మడతలు విప్పుకుంటూ రావడం చూసి పగలబడి నవ్వాడు. ఆయన వాళ్ల బావమరిదికి చెప్పాడు. బావమరిది పిఠాపురంలో ఇంకొకాయనకి చెప్పాడు. మాకు పని అలాగే దొరికేది.

కడియం నర్సరీ ఆయనా అలాగే వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మాటకన్నా ముందు నవ్వు. తోట మొత్తాన్ని డ్రోన్‌తో పైనుంచి తీసి తెర మీద పరుద్దామనీ, ఏ మడి మీద వేలు పెడితే ఆ మడిలో మొక్కలు దగ్గరికొచ్చి కనబడేలా చేద్దామనీ చెప్పాను.

"అంటే బెంగళూరు వాళ్లు ఇక్కడికి రాకుండానే తోటంతా తిరిగేస్తారన్నమాట!" అన్నాడు సంబరంగా.

తోటలో కాలవ గట్టు వైపు సగం ఆయన తమ్ముడు చూసుకునేవాడు. అక్కడ గులాబీలు పెంచేవాడు. ఫోటోలు తీసే రోజున తమ్ముణ్ణి కూడా ఒకసారి అడుగుదామా అన్నాను.

"వాణ్ణి అడగడానికేముందండి? మాదంతా ఒకటే. నా పేరు మీద పెట్టేయండి" అన్నాడు అన్న.

సైటు తెరిచే రోజున తోటలో షెడ్డు కింద పెద్ద టీవీ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. అన్న అందరి ముందూ కాలవ గట్టు మడుల మీద వేలు పెట్టాడు. గులాబీలు ఒక్కొక్కటే విచ్చుకుంటూ తెర నిండా వచ్చాయి. వాటి మీద అన్న ఫోటో, అన్న పేరు.  వెనక నిలబడ్డ తమ్ముడు చేతిలో ఉన్న కూల్‌డ్రింకు సీసాని సిమెంటు స్తంభానికి కొట్టి, పగిలిన మూతిని మడిలోకి విసిరేసి వెళ్లిపోయాడు. గాజుపెంకు గీసుకుని ఒక ముసలాయన పాదం నుంచి రక్తం కారింది. "వాడికి కోపం ఎక్కువండి" అని అన్న నవ్వేశాడు. అందరం టిఫిన్లు తిన్నాం.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడుకి తలెత్తాను. తమ్ముడు. అతని వెనక ఇద్దరు. అతని చేతిలో ఇనప రాడ్డు ఉంది.

"నా మడులు ఎవడి పేరున చూపిస్తున్నావే?" అన్నాడు.

సమాధానం కోసం ఆగలేదు. మొదటి దెబ్బకి కోడింగ్ అమ్మాయి ముందున్న మానిటర్ పగిలింది. ఆ పిల్ల కుర్చీతో సహా వెనక్కి పడి, బల్ల కిందకి పాక్కుంటూ దూరింది. ఒకడు ప్రింటర్ ఎత్తి మెట్ల మీదుగా కిందకి విసిరాడు. ఇంకొకడు గోడకున్న గాజు బోర్డుని పిడికిలితో గుద్ది, తెగిన చెయ్యి చూసుకుని నన్నే బూతులు తిట్టాడు. తమ్ముడు నా బల్ల దగ్గరికొచ్చాడు. నా లాప్‌టాప్‌లో నాకున్న క్లయింట్లందరి పనీ ఉంది. కాపీలు వేరేచోట ఉన్నాయి, ఆ సంగతి నాకు తెలుసు. అయినా చెయ్యి తనంతట తనే వెళ్లి దాని మీద వాలింది. రాడ్డు దిగింది. ఎండు కొబ్బరి మట్ట విరిచినట్టు చప్పుడైంది. అది నా చెయ్యే అని అర్థం కావడానికి కొంచెం పట్టింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఇంకేమీ కనబడలేదు.

వాళ్లు వెళ్లాక బల్ల కింద నుంచి ఆ పిల్ల, "అక్కా, పోయారా? అక్కా, పోయారా?" అని అడుగుతూనే ఉంది.  కిందనుంచి మందుల షాపాయన పైకొచ్చి నన్ను ఆటో ఎక్కించాడు.

రెండు వేళ్లూ అరచేతిలో ఎముకా విరిగాయి. ఆపరేషన్ చేసి లోపల స్టీలు ప్లేటు వేశారు. కేసు పెట్టాను. స్టేషన్లో రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి, "వాళ్ల ఇంటి గొడవ కదండి మేడమ్, మధ్యలో మీరెందుకు వెళ్లారు?" అన్నాడు.

"నేను వెళ్లలేదండి. నా ఆఫీసుకే వాళ్లొచ్చారు."

ఆ మాట ఊళ్లో వాళ్లకి చెప్పడం కష్టమైంది. ఏ నోటి మాట మీద పని వచ్చిందో ఆ నోటి మాట మీదే పోవడం మొదలైంది. పిఠాపురం ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. బట్టల షాపాయన మాత్రం మొహమాటపడుతూ, "గొడవలు సర్దుకున్నాక మాట్లాడుకుందామండి" అన్నాడు.

కట్టు ఉండగానే అన్న బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చాడు. చాలాసేపు బాధపడ్డాడు. "ఒక్కసారి తోటకి రండమ్మా. వాడి చేత క్షమాపణ చెప్పిస్తాను. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. నాకు క్షమాపణ వినాలనే ఉంది. ఆ నోటితో అతను ఏం చెబుతాడో చూడాలనుంది. వెళ్లాను.

షెడ్డు కింద నాకొక కుర్చీ వేశారు. పక్కన పెద్దమనుషులు ఇద్దరు కూర్చున్నారు. తమ్ముడు తల దించుకుని వచ్చాడు. అతని భార్య గేటు దగ్గరే ఆగిపోయింది. అతను నోరు తెరిచేలోపే అన్న లేచి, మొక్కలకి నీళ్లు పెట్టే పైపు ముక్క తీసుకుని అతని మెడ మీద కొట్టాడు. నేను తుళ్లిపడ్డాను. తమ్ముడు మోకాళ్ల మీద పడ్డాడు. అన్న ఆపలేదు. వీపు మీద, చెవి మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొడుతూనే ఉన్నాడు. చొక్కా చిరిగి వీపు మీద వాతలు ఎర్రగా పొంగాయి. తమ్ముడు మొక్కల సంచుల మీద పడి దొర్లాడు. నల్ల సంచులు చిట్లి మట్టి అతని నోట్లోకి వెళ్లింది. పెద్దమనుషులు కదల్లేదు. ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

నిజం చెప్పాలి. మొదటి దెబ్బ పడ్డప్పుడు నా కట్టు కింద చెయ్యి వెచ్చబడినట్టైంది. ఇంకోటి వెయ్యమని లోపల ఎవరో అన్నారు. తర్వాత అతని చెవి నుంచి రక్తం దారగా కారి మెడ మీదకి దిగింది. అతను "అన్నయ్యా, అన్నయ్యా" అని చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.  లేచి "ఆపండి!" అని అరిచాను. కుర్చీ పడిపోయింది.

అన్న ఆపాడు. రొప్పుతూ, పైపు కింద పడేసి, చొక్కా సర్దుకుని, మళ్లీ ఆ నవ్వు తెచ్చుకున్నాడు.

"చూశారుగా మేడమ్. మీ చేతికి వాడి వీపు చెల్లు. ఇక కేసు తీసేయండి."

అప్పుడర్థమైంది. ఆ కుర్చీ నా కోసం వేసింది ఇందుకు. ఆ దెబ్బలన్నీ నా పేరు మీద వేశాడు, గులాబీలు తన పేరు మీద వేసుకున్నట్టే.

"మీరు చేసింది కూడా స్టేషన్లో చెబుతానండి" అన్నాను.  ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి.

గేటు దాటుతుంటే తమ్ముడి భార్య నా వెంట ఆటో దాకా వచ్చింది. భర్తని విడిపించడానికి ఆమె ఒక్క అడుగు వేయలేదని అప్పుడే గుర్తొచ్చింది. దగ్గర్లో చూస్తే దవడ కింద పాత దెబ్బ ఆకుపచ్చగా మాగి ఉంది.

"కేసు తీసెయ్యమని అడగడానికొచ్చారా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. "తియ్యకండి" అంది. "మా మావగారు బావగార్ని కొట్టేవారు. బావగారు ఈయన్ని కొడతారు. ఈయన నన్ను కొడతాడు. ఎవరూ స్టేషన్ గడప తొక్కలేదండి. మీరైనా తియ్యకండి."

నేను తియ్యలేదు. ఆ రోజు చూసినది కూడా రాసిచ్చాను. నర్సరీ సైటుని నెట్‌లోంచి తీసేశాను. అన్న వేరే ఎవరి చేతనో చేయించుకున్నాడు. అందులోనూ గులాబీలు ఉన్నాయని విన్నాను, చూడలేదు. కోడింగ్ అమ్మాయి కొన్నాళ్లు ఇంటి దగ్గర్నుంచి పనిచేసి, తర్వాత మేడ మెట్ల మొదట్లో ఇనప గేటు పెట్టించాక తిరిగి వచ్చింది. నా చూపుడు వేలు పూర్తిగా వంగదు. ఎడమ చేత్తో మౌసు పట్టడం నేర్చుకున్నాను. అన్నవరంలో లాడ్జి నడిపే ఒకావిడ ఫోన్ చేసి, "కడియంలో కేసు పెట్టింది మీరేనాండి?" అని అడిగింది. ఇదీ పోయిందనుకుంటూ అవునన్నాను. "అయితే రేపు రండి, మాట్లాడుకుందాం" అంది. పని మళ్లీ అలా కదిలింది.

ఇప్పుడు కేసు వాయిదాల మీద నడుస్తోంది. మొన్న సాక్ష్యానికి కోర్టుకి వెళ్తే, అన్నదమ్ములిద్దరూ ఒకే కారులో దిగారు. వరండాలో ఒకే సమోసా పొట్లం పంచుకుని తిన్నారు. నా మీద కోపం ఇద్దర్నీ కలిపేసింది. అన్న నన్ను చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. తమ్ముడు మాత్రం తిన్నగా నా దగ్గరికొచ్చి, నా కుడి చేతి వంక చూశాడు.

"నొప్పి తగ్గిందాండి?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"లేదు" అన్నాను.

లోపల నా పేరు పిలిచారు. వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను.