అప్పుడే వదిలిన చేపలు

పోయిన మంగళవారం పొద్దున ఇక్కడ సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో ట్రైన్ ఎక్కి ఇంకా కడ్డీ పట్టుకోనైనా లేదు, రాజమండ్రి నుంచి మా ఆడపడుచు ఫోన్. అక్కడ అప్పటికింకా సరిగ్గా తెల్లవారి కూడా ఉండదు. "వదినా, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పక్కర్లేకపోయింది. మా అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయారు.

తర్వాతి స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. దొరికిన మొదటి ఫ్లైట్‌కి బయల్దేరి వెళ్ళారు. మా అమ్మాయి మాత్రం ఎవరో మోసం చేసినట్టు నా మీద కోప్పడింది. "నానమ్మ సెడ్ షీ కమింగ్ దిస్ జూన్, వాట్!" అంది. నిజమే, వస్తానన్నారు. మాట తప్పడం ఆవిడకి ఇదే మొదటిసారి.

అత్తాకోడళ్ళ గురించి లోకం చెప్పుకునే మాటలేవీ మాకు అతకవు. అలాగని తల్లీకూతుళ్ళలా ఉండేవాళ్ళమని కూడా చెప్పను. నా చారు ఆవిడకి నచ్చేది కాదు, ఆవిడ గురక నాకు నచ్చేది కాదు. కానీ నేను ఈ ఊళ్ళో ఉన్నానంటే, ఈ ఇంట్లో ఉన్నానంటే ఆవిడ వల్లే. అది ఎలాగో ఆవిడ ఉండగా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరుకునేవారు కాదు.

కంప్యూటర్లన్నిటికీ రెండు వేల సంవత్సరం భయం పట్టుకున్న రోజుల్లో కొత్త పెళ్ళికూతురిగా సింగపూర్ వచ్చాను. ఆ భయమే మా ఆయనకి ఉద్యోగం, ఆ భయమే నాకు సవతి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసే పని ఆయనది. నేను లేచేసరికి వెళ్ళిపోయేవారు, నేను పడుకున్నాక వచ్చేవారు. ఆదివారం వస్తే నిద్ర. విజయవాడలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పి, రోజంతా గొంతు చించుకునే అలవాటున్న దాన్ని. ఇక్కడ పది అంతస్తుల మీద ఒక ఫ్లాటు, ఎదురు బ్లాకులో ఆరేసిన బట్టలు, ఫ్రిజ్ చేసే చప్పుడు. పిచ్చెక్కిపోయింది.

కాపురం ఎలా ఉందో చూడటానికి అప్పుడు దిగారు అత్తయ్య. మాది కాపురంలా లేదని మొదటి రోజే ఆవిడకి అర్థమైంది.

వచ్చిన వారానికే ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఇంట్లో ఆవిడ లేరు. బట్టలారేసే వెదురు కర్ర కూడా లేదు. కిందికి పరిగెత్తాను. మా బ్లాకు వెనకున్న సిమెంటు కాలవ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు ఆవిడ. వెదురు కర్రకి దారం, దారానికి వంచిన పిన్నీసు, పిన్నీసుకి పొద్దుటి ఇడ్లీ ముక్క. అప్పటికే రెండు జిలేబీ చేపలు బకెట్లో ఉన్నాయి. పక్కన యూనిఫాం వేసుకున్న ఒకతను నిలబడి, "ఆంటీ, కెనాట్, కెనాట్ లా" అని బతిమాలుతున్నాడు. ఆవిడ తెలుగులో అతన్ని "పిల్లలెంతమంది బాబూ? ఒకటి పట్టుకెళ్ళు" అంటున్నారు.

అతను మంచివాడు. నవ్వేసి, చేపల్ని కాలవలోకి వదిలించి, జరిమానా రాయకుండా వదిలేశాడు. అంత సరదా ఉంటే డబ్బు కట్టి పట్టుకునే చెరువులున్నాయి, తీసుకెళ్ళమని నాకు చెప్పాడు.

ఈ మాట తెలుగులో చెబితే అత్తయ్య నన్ను వింతగా చూశారు. "చేపల్ని వాళ్ళే తెచ్చి పోస్తారా? పోసినవాటిని పట్టుకోడానికి మనం డబ్బులివ్వాలా? ఏం ఊరే ఇది!"

అయినా మర్నాడే చీర కట్టుకుని తయారు. ఆవిడ పుట్టిల్లు కోనసీమలో, కాలవ గట్టునే. అన్నదమ్ములు గాలాలు వేస్తుంటే ఈవిడ వానపాములు తవ్వి కొబ్బరి చిప్పలో పెట్టి అందించేవారట. ఒక్కసారి పట్టుకుంటానంటే, "ఆడపిల్లవి, నీకెందుకు" అనేవారట. యాభై దాటాక, సముద్రం దాటాక, చేతికి గాలం వచ్చింది. ఇంక వదులుతారా?

క్రాంజీ వైపు బస్సులో వెళ్ళాలి ఆ చెరువుకి. చెరువంటే చుట్టూ గట్టు, గట్టు మీద రేకుల నీడ, ఒక కౌంటరు, అద్దె గాలాలు. మొదటి రోజే పక్కాయన పట్టిన చేపని చూసి ఆవిడ కేకేశారు, "అమ్మాయ్, ఇది మన పండుగప్పేనే!" అని. ఇక్కడ దాన్ని సియాకప్ అంటారు. ఎరగా బతికున్న రొయ్యలిస్తే మాత్రం ఆవిడ ప్రాణం ఒప్పలేదు. "ఇంతింత రొయ్యల్ని కూర వండుకోకుండా చేపలకి పెడతారా?" అని సగం కొంగున కట్టబోతే నేనే ఆపాను.

పక్కన ఎప్పుడూ ఒక చైనీస్ తాత కూర్చునేవాడు. ఆయన ఇంగ్లీషూ వాళ్ళ భాషా కలిపి మాట్లాడేవాడు, ఈవిడ తెలుగు. ఇద్దరూ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారు. ఏం చెప్పుకున్నారని అడిగితే "పాపం, వాళ్ళావిడకి మోకాళ్ళ నొప్పులట" అనేవారు. ఎలా తెలిసిందో దేవుడికే తెలియాలి.

సాయంత్రం పూట లారీలో కొత్త చేపలు వచ్చేవి. పీపాల్లోంచి గొట్టం పెట్టి చెరువులోకి వదిలేవారు. అందరూ కుర్చీలు ఎత్తుకుని అటువైపు పరిగెత్తేవారు. ఆ కాసేపట్లోనే నాలుగైదు చేపలు పట్టేసేవారు చాలామంది. అత్తయ్య మాత్రం ఉన్న గాలం కూడా పైకి లాగి, గట్టుకి ఆనించి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. తాత ఉండబట్టలేక, "ఆంటీ, నౌ! నౌ! ఫాస్ట్ లా!" అని అరిచేవాడు. "నువ్వెళ్ళవయ్యా" అని చెయ్యి ఊపేవారు ఈవిడ.

గంటకింత అని కట్టి గంటంతా ఊరికే కూర్చోవడమేమిటని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అడిగేశాను.

"ఇప్పుడే దింపేరే వాటిని," అన్నారు. "ఇవేం నీళ్ళో, ఎటు పోవాలో వాటికింకా తెలీదు. ఇప్పుడు కరిచేది ఆకలితో కాదు, కంగారుతో. కంగారు పడుతున్నదాన్ని పట్టి, ఏదో పట్టేసేననుకుంటే ఎలా?"

"మరి ఎంతసేపు ఆగుతారు?"

"నీళ్ళు తెలిసేదాకా."

"తెలిశాక మీకు దొరకవు కదా!"

"దొరక్కపోతే దొరక్కపోయేయి" అని నవ్వేశారు. నిజంగానే ఆవిడకి పెద్దగా దొరికేవి కావు. వారానికొకటి పడితే పండగ.

ఒక ఆదివారం మా తెలుగువాళ్ళు రెండు కుటుంబాలు భోజనానికి వచ్చారు. వడ్డిస్తుంటే ఒకావిడ నన్ను పట్టుకుంది. "ఏమ్మా, ఉద్యోగం ఏమైనా చూసుకుంటున్నావా? ఖాళీగా ఉంటే ఎలా? పోనీ, విశేషమేమైనా ఉందా?" అడిగింది. ఆ ప్రశ్న మా అమ్మ ఫోన్లో అడుగుతుంది, మా పిన్ని అడుగుతుంది, లిఫ్టులో కనిపించిన వాళ్ళూ అడుగుతారు. అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ, తల ఎత్తకుండా, "ఇప్పుడే దింపేం కదండీ. నీళ్ళు తెలియనివ్వండి" అన్నారు.

వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడుపు నిండా ఏడ్చాను. ఆ ఇంట్లో నా పక్షాన ఒక మనిషి ఉందని తెలిసిన ఏడుపు అది.

అయినా ఆవిడ ఉండేది ఇంకెన్నాళ్ళు? వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. సెరంగూన్ రోడ్డులో టికెట్లు ఇచ్చే అతనికి ఫోన్ చేసి, ఆవిడ ఫ్లైట్‌లోనే నాకూ ఒక సీటు చూడమన్నాను. ఆ మర్నాడు మధ్యాహ్నం చెరువు గట్టు మీద, బెండు నీటి మీద ఊగుతుంటే, చెప్పేశాను.

"అత్తయ్యా, మీతో నేనూ వచ్చేస్తున్నాను."

"ఎన్నాళ్ళకి?"

"మళ్ళీ రాను."

ఆవిడ బెండు మీంచి చూపు తిప్పలేదు. "వాడేమైనా అన్నాడా నిన్ను?"

"అనడానికైనా ఇంట్లో ఉండాలి కదా."

"చెప్పేవా వాడికి?"

"ఎప్పుడు దొరుకుతారని చెప్పను? చీటీ రాసి పెట్టి వస్తాను."

అప్పుడు నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ మొహంలో. కోప్పడితే బాగుండుననిపించింది.

"వస్తానంటే నేనే తీసుకెళ్తాను. మా అబ్బాయి సరిగా చూసుకోలేదండీ అని మీ నాన్నగారికి నేనే చెప్పుకుంటాను. కానీ చీటీ వద్దమ్మా. వాడి మొహం చూసి చెప్పు. వాడూ ఇక్కడ దిగి ఏడాదే అయింది. ఎవరేం విసిరినా కరిచేస్తున్నాడు, చూట్టం లేదా? అదీ కంగారే."

నేను నిజంగానే చూడలేదు. పని ఎక్కువ చేసే మనిషి అనుకున్నాను కానీ, వద్దంటే తిరుగు విమానం ఎక్కిస్తారని ఎవరి పని ఇచ్చినా నెత్తిన వేసుకునే మనిషి అనుకోలేదు. నాకు పిచ్చెక్కించిన ఊరే ఆయన్నీ భయపెడుతోందని తట్టలేదు.

అత్తయ్య గాలం పైకి లాగి లేచారు. కౌంటర్ దగ్గరున్న ఫోన్లో ఆయన ఆఫీసు నంబరు నాతో కొట్టించారు.

"ఒరేయ్ నాన్నా, పెద్ద చేప పడిందిరా. పండుగప్ప. నావల్ల కావట్లేదు, రా." అవతల ఏదో అన్నారు. "మీటింగైతే చేప ఆగుద్దా? దారం తెగేలా ఉంది, వేగిరం రా." టక్కున పెట్టేశారు.

నేను నోరు తెరుచుకుని చూశాను. "ఆయన రావడానికి గంట పైనే పడుతుంది. గాలానికి పడ్డ చేప అంతసేపు ఎక్కడైనా ఆగుతుందా అత్తయ్యా?"

"ఆ ఆలోచన వాడికొస్తే రాడు," అన్నారు. "రాకపోతే చీటీయే రాసెయ్యి."

ఆ గంటలోనే లారీ వచ్చింది, చేపల్ని వదిలారు, అందరూ పరిగెత్తారు. తాత ఎప్పటిలాగే పిలిచాడు. అత్తయ్య చెయ్యి కూడా ఊపలేదు. రోడ్డు వైపే చూస్తున్నారు. రాకూడదని నేను కోరుకున్నానో, రావాలని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

టాక్సీ ఆగింది. మా ఆయన టైతో, ఆఫీసు బూట్లతో, గట్టు మీద బురదలో జారుతూ పరిగెత్తుకొచ్చారు. "ఏదమ్మా చేప? పోయిందా?" అన్నారు ఆయాసపడుతూ. పెళ్ళయ్యాక పగటి వెలుతురులో ఆయన మొహం సరిగ్గా చూడటం నాకదే మొదలు. కళ్ళ కింద నల్లగా అయిపోయి ఉంది. నాకు జాలేసింది. అంతవరకూ ఆయన మీద నాకు కోపం తప్ప ఇంకేమీ లేదు.

అత్తయ్య గాలం కర్ర ఆయన చేతిలో పెట్టారు. "ఇది పట్టుకుని కూర్చో. ఎర వెయ్యకు. అమ్మాయి నీకేదో చెప్పాలట, విను. నేనెళ్ళి అన్నం పడేస్తాను."

"ఒక్కదానివే ఎలా వెళ్తావ్? ఏ బస్సో కూడా తెలీదు నీకు!"

"నోరుంది నాకు" అన్నారు.

మేమేం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. సీటు వద్దని సెరంగూన్ రోడ్డుకి ఫోన్ చేసింది మాత్రం నేనే. ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు వచ్చారో, మా అమ్మాయిని ఎత్తుకుని అదే గట్టు మీద ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో. ఆ రోజు ఏమైందని నన్ను గానీ ఆయన్ని గానీ ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు ఆ చెరువూ లేదు.

హాల్లో దండ వేసిన ఫోటో ఉంది. కానీ అత్తయ్య అనుకోగానే నాకు కనిపించేది ఫోటోలో మనిషి కాదు. ఆ సాయంత్రం చెరువు అవతల బస్ స్టాపులో, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నిలబడ్డ మనిషి. బస్సు వచ్చింది. మెట్టు మీద నిలబడి డ్రైవరుకి ఏదో చాలాసేపు చెప్పారు, తెలుగులోనే అయుంటుంది. అతను తలూపాడు. ఆవిడ లోపలికి నడవడం అద్దాల్లోంచి మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. మా వైపు సీట్లన్నీ ఖాళీ. ఆవిడ వాటిని దాటుకుని, అటువైపు కిటికీ పక్కన, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.