పేర్లున్న గిన్నెలు

భిలాయి సెక్టర్ 6లో నేను దిగిన ఇంటి పక్కన పైడితల్లమ్మగారు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేస్తున్నారు. భర్త పోయాక ఇక అది ఆవిడకి లేదు. గిన్నెలు సర్దుతూ ఫోన్‌లో ఇంగ్లిష్ పాఠం వింటున్నారు.

"స్టఫ్ అంటే ఏటి బాబూ?" అని నన్ను అడిగారు.

"వాడుక మాటమ్మా. ఒక్కోదాని పేరూ చెప్పే పని లేకుండా సామానంతా కలిపి అలా అనేస్తారు" అని పెద్ద మాస్టారిలా చెప్పాను.

ఆవిడ ఒక్కో స్టీలు గిన్నే తిప్పి చూపించారు. ఇరుగుపొరుగు వాళ్ళు శుభకార్యాలకి తమ పేర్లు కొట్టించి ఇచ్చినవి.

"ఈ కాంతమ్మ చచ్చిపోనాది. ఈ రావులమ్మ ఊరెల్లిపోనాది. ఈటిని స్టఫ్ అని ఎలగంటాం?"

చివరికి పేరు లేని గ్లాసు ఒకటి మిగిలింది.

"ఇది నాను కొనుక్కున్నది" అన్నారు. "దీన్నయితే అనొచ్చు."