పెనుకొండ వాళ్లు చూడాలని

మొన్న ఆదివారం మనవరాలు ఫోను చేసింది. ఆమెకు రెండు చోట్ల ఉద్యోగం వచ్చిందట, బెంగుళూరులో ఒకటి, మైసూరులో ఒకటి. ఏ ఊళ్లో ఇంటి అద్దె ఎంత, ఆఫీసుకు పోవడానికి ఎంతసేపు పడుతుంది, పిల్లను వేయదగిన బడి ఎంత దూరం అని మొగుడూ పెళ్లాలిద్దరూ వారం రోజులు కూర్చుని పెద్ద పట్టికే తయారు చేశారు. అదంతా చదివి వినిపించి, "అవ్వా, నువ్వయితే యాడికి పోతావు?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. అరవై ఏళ్ల కిందట మా అమ్మ కూడా ఇట్లాగే పెద్ద ఊరా, నడిమి ఊరా అని తేల్చవలసి వచ్చింది. ఆమె పట్టికలేమీ వేయలేదు. ఆమె ఎంచుకున్న కారణం ఫోనులో చెబితే ఈ పిల్ల ఏమనుకుంటుందోనని చెప్పలేదు. ఇక్కడ దాచుకోవలసిన పని లేదు.

అప్పుడు మేము పెనుకొండలో ఉండేవాళ్లం. పెద్దనాయన, మా నాయన కలిసి ఒకే బట్టల అంగడి నడిపేవారు. కలిసి అంటే, పెద్దనాయన మెత్త మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో రాజకీయాలు మాట్లాడేవాడు. నాయన ధర్మవరం పోయి మగ్గాల వెంట తిరిగి చీరలు తెచ్చేవాడు. ఏ ఇంట్లో ఏ రంగు నేస్తున్నారో, ఎవరి చేతి నేత గట్టిదో ఆయనకు కంఠతా వచ్చు. పట్టును రెండు వేళ్ల మధ్య నలిపి కళ్లు మూసుకుని చెప్పేవాడు. మనిషి మాత్రం నోరులేనివాడు. ఇంట్లో అధికారమంతా పెద్దమ్మది. వంటింటి తాళాలు ఆమె నడుముకు వేలాడేవి. మా అమ్మ ఆ ఇంటి చిన్నకోడలు, అంతే.

యాభైల చివర్లో పెద్దమ్మ పెద్దకూతురి పెళ్లి జరిగింది. తలంబ్రాలకు ముందు ఒక పట్టుచీర కనపడలేదు. మామిడిపండు రంగు, ఆకుపచ్చ అంచు. నాయనే నేయించి తెచ్చిన చీర అది. ఇల్లంతా చుట్టాలు. పెద్దమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. నేరుగా మా గదిలోకి వచ్చి మా ట్రంకుపెట్టెను నడవలోకి ఈడ్పించింది. అందరూ చూస్తుండగా ఒక్కొక్క గుడ్డా దులిపి కింద వేయించింది. అమ్మ రవికలు, నాయన పంచెలు, నా చినిగిన పావడాలు, నేను బొమ్మకు కుట్టుకున్న పేలిక బట్టలు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బొమ్మ బట్టలు చూసి ఎవరో ముసలామె నవ్వింది. ఆ నవ్వు నాకు ఈనాటికీ వినిపిస్తుంది. చీర అందులో లేదు. అమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. నాయన స్తంభం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు.

మూడో రోజు పెళ్లికొడుకు వాళ్ల ఊరి నుంచి కబురొచ్చింది. ఆ చీర వాళ్లకు పంపిన సారెబుట్టలో అడుగున ఉందట. ఆ బుట్ట సర్దింది పెద్దమ్మే. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి అమ్మతో, "దొరికిందిలే" అంది. అంతే. ఆ చివరి "లే" అనే అక్షరాన్ని అమ్మ ఎన్నటికీ క్షమించలేదు. దొరికింది అని ఊరుకున్నా సహించేదేమో.

ఆ ఇంట్లో ఇక ఉండనని అమ్మ తేల్చి చెప్పింది. వేరు పోవడానికి నాయన కూడా ఒప్పుకున్నాడు. ఎక్కడికి అన్నదే ప్రశ్న. ఆయన స్నేహితుడొకాయన బెంగుళూరు చిక్కపేటలో పట్టుచీరల అంగడి పెట్టి, నువ్వొస్తే నీకూ భాగమిస్తానని ఎన్నాళ్లుగానో జాబులు రాస్తున్నాడు. చుట్టాలంతా ఆ ఊరే మేలన్నారు. నేనైతే మనసులో అప్పటికే బెంగుళూరులో ఉన్నాను. ఇంగ్లీషు బడికి పోతున్నాను. ఆ సాయంత్రం అన్నం దగ్గర నాయన మెల్లగా చెప్పాడు.

"బెంగుళూరికే పోదాం. కొళాయి నీళ్లు, కరెంటు దీపాలు, పిల్లకు మంచి బడి. ఆడైతే ఈళ్ల మొగాలు చూసే పని ఉండదు."

"అందుకే వద్దంటాండా" అంది అమ్మ. "బెంగుళూర్లో మనం మేడ కట్టినా చూసేదెవురు? ఈ పక్కనుండే హిందూపురమైతే పెనుకొండోళ్లు వారం వారం సంతకొస్తారు. మనం బాగుపడేది వాళ్లు చూడల్ల."

నాయన తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ నడవలో నోరు మెదపని మనిషికి ఇప్పుడు వద్దనే హక్కు లేదని ఆయనకే తెలుసు. అట్లా హిందూపురం చేరాం.

ఇల్లు వెతకడంలోనూ అమ్మది అదే పట్టు. పేట చివర గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు దొరికితే కాదంది. రైలు దిగి బజారుకు పోయే దారిలో, చీకటి గదులూ చవుడునీళ్ల బావీ ఉన్న ఇంటిని పట్టుకుంది. అంగడి ఆ ఇంటి ముందుభాగంలోనే. పొద్దున పెనుకొండ వైపు నుంచి బండి వచ్చే వేళకు అమ్మ తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, అరుగు మీద బియ్యం ఏరుతూ కూర్చునేది. బండి ఆలస్యమైతే ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది. తెలిసినవాళ్లెవరైనా కనపడితే చాలు, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, "మా అక్క బాగుండాదా?" అని ఎంతో ప్రేమగా అడిగేది. ఆ పలకరింపు సాయంత్రం బండికి పెనుకొండ చేరుతుందని ఆమెకు తెలుసు.

అమ్మ పగ సంగతి ఎట్లా ఉన్నా, అంగడి నిలబడింది మాత్రం నాయన వేళ్ల మీద. ధర్మవరం నేతగాళ్లకు తెలిసింది ఆయనే, ఆయన అన్న కాదు. మంచి చీర మగ్గం దిగితే ముందు మాకే కబురు పంపేవారు. పెనుకొండ అంగడికి మిగిలినవి పోయేవి. మూడు నాలుగేళ్లకు పెనుకొండ పెళ్లివాళ్లు కూడా రైలెక్కి మా అరుగు మీదికే రావడం మొదలుపెట్టారు. పెద్దనాయన మెత్త మీద రాజకీయాలు మాట్లాడటానికి కూడా మనుషులు తగ్గారని ఎవరో చెబితే, అమ్మ ఆ పూట పాయసం చేసింది. పండగేమిటని నాయన అడగలేదు.

అరవైల నడుమ పెద్దమ్మ రెండో కూతురికి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తల్లి, పెళ్లిచీర హిందూపురంలో ఫలానా అంగడిలోనే కొనాలని పట్టుబట్టిందట. ఆ ఫలానా అంగడి ఎవరిదో ఆమెకు తెలియదు. వద్దనడానికి పెద్దమ్మ దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. ఒక మధ్యాహ్నం కాబోయే వియ్యపురాలి వెనకే మా మెట్లెక్కింది. మనిషి చిక్కిపోయింది. నడుముకు తాళాలు లేవు.

అమ్మ చాప వేయించింది, కాఫీ ఇచ్చింది. అంగట్లో అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. నాయన చీరల మూట విప్పబోతుంటే అమ్మ దాని మీద చెయ్యి పెట్టి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"అక్కా, నీ పెద్దకూతురి పెండ్లిలో ఒక చీర కనపడకపాయ కదా. అది యాడ దొరికె? నాకి వద్దు, ఈయమ్మకు చెప్పు."

"ఇప్పుడేమిటికి అదంతా" అన్నాడు నాయన. అమ్మ ఆయన వైపు చూడలేదు.

పెద్దమ్మ కాఫీ లోటా కింద పెట్టింది. "సారెబుట్టలో దొరికె."

"ఎవురి పెట్టె ఎతికిస్తివి?"

"నీదే."

"నేను తీసింటినా?"

 పెద్దమ్మ తలెత్తి మా అమ్మను కాదు, నన్ను చూసింది. అప్పటికి నేను ఆమెంత పొడుగున్నాను. నేను కళ్లు దించలేదు.

"తియ్యల్యా" అంది. "నాదే తప్పు."

అమ్మ చెయ్యి తీసింది. మూటలోంచి తానే వెతికి, ఆ వారమే మగ్గం దిగిన మేలైన చీరను పెళ్లికొడుకు తల్లి ఒళ్లో పరిచి, పిల్ల గుణవంతురాలనీ, తన చేతుల్లో పెరిగిందనీ ఎంతో పొగిడింది. ఆ పెళ్లి చక్కగానే జరిగింది. పెద్దమ్మ మెట్లు దిగుతూ ఒక చోట తడబడింది. నాకు జాలి కలగలేదు. కలగాలని తర్వాత చాలాసార్లు ప్రయత్నించాను, ఇప్పటికీ కలగదు.

మరునాడు పొద్దున బండి వచ్చిపోయింది. అమ్మ అరుగు మీదికి రాలేదు. వారం పోయాక, బావి దగ్గర చేద పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు నాయనతో అంది. "ఇంక బెంగుళూరికి పోదామా? ఈ చవుడునీళ్లు తాగి చాలాయ."

నాయన వక్క కత్తిరిస్తున్నాడు. చిక్కపేట స్నేహితుడు ఆ భాగాన్ని ఎప్పుడో వేరే ఆయనకిచ్చేశాడు. ఆ జాబు వచ్చిన రోజు నాయన ఎవరికీ చెప్పకుండా దాన్ని మడిచి దాచుకోవడం నేను చూశాను.

"నీ పని అయిపోయింది" అన్నాడు. ఆయన గొంతులో అంత కరుకుదనం నేనెప్పుడూ వినలేదు. "నా పని ఈడ ఉండాది. ఒకసారి నువ్వు చెప్పినట్ల వస్తి. ఇంక యాడికీ రాను."

అమ్మ ఆయన ముఖం వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. చేద తీసుకుని మళ్లీ బావిలోకి వదిలింది. ఆ తర్వాత ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు ఆ నీళ్లే తోడింది. ఆ ఊరికి మమ్మల్ని తెచ్చిన పగ తీరడానికి పట్టింది ఏడేళ్లే. అది తీరాక మిగిలిన కాలమంతా, ఏ కారణమూ లేకుండానే, ఆ ఊళ్లో బతకవలసి వచ్చింది.