తిరగేసి పట్టిన పుల్లలు

నేను డ్రమ్స్ నేర్చుకున్నది కరీంనగర్ దగ్గర మా పేటలోని చర్చిలో, పద్నాలుగేళ్ళ వయసులో. అంతవరకూ అక్కడ వాయించే ఒక అన్న పెళ్ళి చేసుకుని బొంబాయి వెళ్ళిపోయాడు. రెండు ఆదివారాలు ఆ డ్రమ్ సెట్టు దుప్పటి కప్పుకుని ఊరికే ఉండిపోయింది. మూడో ఆదివారం నేను వెళ్ళి దుప్పటి తీసి కూర్చున్నాను. రమ్మని ఎవరూ పిలవలేదు, లేవమని కూడా ఎవరూ అనలేదు. ఆరేళ్ళపాటు ఆ కుర్చీ నాదే.

చర్చిలో ఉన్నది ఒక్క జత పుల్లలు. కొన్నాళ్ళకే వాటి సన్నకొనలు చిట్లి పీచులు లేచాయి. కొత్తవి కావాలంటే ఎవరైనా హైదరాబాద్ వెళ్ళినప్పుడు తేవాలి. ఎవరు ఎప్పుడు వెళ్తారో తెలియదు కాబట్టి పుల్లల్ని తిరగేసి పట్టుకున్నాను. సన్నకొన నా అరచేతి వెనక్కి పోయింది, లావుకొన డ్రమ్ము మీదికి వచ్చింది. దెబ్బ బరువుగా పడింది. వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళు కూడా తల ఎత్తి చూశారు. తర్వాత కొత్త పుల్లలు వచ్చాయి గానీ నేను మళ్ళీ సన్నకొనతో వాయించలేదు.

మరుసటేడు మా పెద్దన్న ఒక ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ క్యాసెట్ తెచ్చాడు. అట్ట లోపలి వైపు ఆ బ్యాండ్ డ్రమ్మర్ ఫోటో ఉంది. పొడుగు జుట్టు, చెమటతో తడిసిన బనియన్, గాల్లోకి లేచిన కుడిచెయ్యి. ముందు నేను చూసింది అతని ముఖం కాదు, పిడికిలి. పుల్ల తిరగేసి ఉంది. ప్రపంచంలో అంత పేరున్నవాడు నాలాగే పట్టుకున్నాడని తెలిశాక, ఆ పద్ధతి తప్పని ఎవరు చెప్పినా నేను వినలేదు.

పెళ్ళయ్యాక డ్రమ్స్ ఆగిపోయాయి. ఎవరూ వద్దనలేదు, పెట్టుకోవడానికి చోటు లేదు, అంతే. పదమూడేళ్ళుగా మేము ఖతర్‌లో ఉంటున్నాం. నేను అల్ రయ్యాన్‌లో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయన రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తాడు, వారంలో సగం రోజులు అక్కడే. అల్ అజీజియాలో మా పక్క ఫ్లాట్‌లో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆపా అని పిలుస్తాను. ఆమెకు కారుంది, నాకు లేదు. శుక్రవారాలు సాధారణంగా ఇద్దరం కలిసే బయటికి వెళ్తాం.

ఆ జనవరిలో ఫోన్‌లో ఒక వార్త కనిపించింది. సముద్రం పక్కన కొత్తగా వేసిన తోటలో సంగీతకారుల విగ్రహాలు పెడుతున్నారని, మొదటిది ఆ క్యాసెట్ డ్రమ్మర్‌దేనని. ఫోటో కూడా సరిగా చూడకుండా ఆపా తలుపు కొట్టాను. రాక్ మ్యూజిక్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అయినా శుక్రవారం నమాజ్ అయి, భోజనాలయ్యాక కారు తీసింది.

మేము చేరేసరికి నాలుగు దాటింది. ఎండ మెత్తబడింది. విగ్రహం నేను అనుకున్నదానికంటే పెద్దది, మనిషికి ఒకటిన్నర రెట్లుంది. కంచు. డ్రమ్మర్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఒకే ఒక్క డ్రమ్ము, రెండు చేతుల్లో రెండు పుల్లలు. నేను మొదట చూసింది పిడికిళ్ళనే. లావుకొనలు ముందుకు ఉన్నాయి. చేసినవాడెవరో బాగా తెలిసినవాడే అనుకుని సంతోషపడ్డాను.

కానీ దగ్గరికి వెళ్ళనివ్వలేదు. చుట్టూ పసుపు టేపు కట్టారు. నీలం డ్రస్సుల్లో ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన వేసి ఉన్నారు. కింద తువ్వాలు మీద కటింగ్ మెషీన్ పెట్టి ఉంది. పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్ ఫోన్‌లో ఎవరితోనో హిందీలో మాట్లాడుతూ, సార్, ఈరోజే తీయించేస్తాను, రేపు జనం చూసేసరికి సరిగా ఉంటుంది అని హామీ ఇస్తున్నాడు.

నిచ్చెన మీదున్న మనిషి కిందివాడితో అన్న మాట నా చెవిన పడింది. "మనమే ఉల్టా పెట్టినమంటున్నరు రా. నేను డ్రాయింగు సూసే పెట్టిన. చెప్తే ఇనెటోడే లేడు."

మా జిల్లా మాట. అడిగితే జగిత్యాల దగ్గరన్నాడు. వయసు నలభై లోపే ఉంటుంది. విషయం మెల్లగా చెప్పాడు. విగ్రహం ఒక పెట్టెలో, పుల్లలు వేరే పెట్టెలో వచ్చాయి. పది రోజుల క్రితం పుల్లలు బిగించి జిగురు పోసింది ఇతనే. నాలుగు రోజులుగా ఎవరో ఫోటో తీసి, డ్రమ్ము పుల్లలు ఎటు పట్టుకోవాలో కూడా తెలియని కూలీలు పెట్టారని ఫోన్లలో తిప్పుతున్నారు. జనం నవ్వుతున్నారు. ఆఫీసులో గొడవైంది. ఇప్పుడు పుల్లలు కోసి తీసి, తిప్పి పెట్టాలి. సన్నకొన ముందుకు రావాలంటే లావువైపు పిడికిట్లోకి పోవాలి, పిడికిలి లోపలి రంధ్రాన్ని మెషీన్‌తో పెద్దది చేయాలి.

అంటే కంచు వేళ్ళను లోపలినుంచి అరగదీయాలి.

నేను ఆ పిడికిలి వంక చూస్తూ నిలబడిపోయాను. నా మోచేతి మీద ఆపా చెయ్యి పడింది. "కైకు ఖడీ హై? ఊకె నిలబడ్డవేంది? నీకు తెలుసు గదా. పోయి చెప్పు."

టేపు కింద నుంచి దూరి వెళ్ళాను. సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేదాకా ఆగి, పుల్లలు సరిగానే ఉన్నాయని, తీయవద్దని హిందీలో చెప్పాను. అతను మర్యాదగానే మేడమ్, దయచేసి టేపు బయట నిలబడండి అన్నాడు. నేను కదల్లేదు. ఈ డ్రమ్మర్ జీవితమంతా ఇలాగే లావుకొనతో వాయించాడని, విగ్రహం చేసిన మనిషి అది తెలిసే చేశాడని చెప్పాను. మీకెలా తెలుసని అడిగాడు.

"నేను డ్రమ్స్ వాయిస్తాను," అన్నాను.

వాయించేదాన్ని అనాలి నిజానికి. ఇరవై ఏళ్ళకు పైగా పుల్ల పట్టలేదు. కానీ నోటి నుంచి అలాగే వచ్చింది, దిద్దుకోవాలనిపించలేదు. అతను నా చీర వంక, పక్కనున్న ఆపా నల్లటి అబాయా వంక చూశాడు. నమ్మలేదు. ఫోన్‌లో ఆ డ్రమ్మర్ పాత ఫోటోలు వెతికి చూపించాను. రెండింటిలో చెయ్యి మసకగా ఉంది. మూడోదాన్లో స్పష్టంగా కనిపించింది. ఫోటో తిప్పి వేసి ఉండొచ్చు అన్నాడతను. ఎటు తిప్పినా లావుకొన సన్నకొన అవుతుందా అని అడిగాను.

అప్పుడు జగిత్యాల మనిషి నిచ్చెన దిగి వచ్చాడు.

"మేడమ్ చెప్పింది నిజం సార్," అని వచ్చీరాని హిందీలో మొదలుపెట్టి, మాట అందక నావైపు తిరిగాడు. "అక్కా, నువ్వే చెప్పు. పిడికిట్ల బొక్క సన్నగుంది. లావు దిక్కు దూర్సి సూసిన, పట్టనే పట్టలే. సన్నదిక్కు దూరిస్తే అచ్చం సరిపోయింది. తయారు చేసినోనికి తెల్వకుండ బొక్క గట్ల వెడ్తడా?"

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. సూపర్‌వైజర్ తల గోక్కున్నాడు. ఇది ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదని అతన్ని అడిగాడు. చెప్పానని, రెండుసార్లు చెప్పానని అతను జవాబిచ్చాడు.

చివరికి ఆఫీసులోని ఇంజనీరుకు ఫోన్ కలిపారు. ఆవిడ ఇంగ్లీషులో ముందు నేనెవరో అడిగింది. ఊరు, పేరు, ఉద్యోగం చెప్పి, ఆరేళ్ళు ఇదే పద్ధతిలో వాయించానని, ఇది తప్పని తేలితే రేపు కూడా కోయవచ్చని, కోసేశాక సరైనదని తేలితే ఆ వేళ్ళు మళ్ళీ రావని చెప్పాను. రంధ్రం సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఫోన్ సూపర్‌వైజర్‌కు ఇమ్మంది. విగ్రహం చేసిన మనిషిని కనుక్కునేదాకా ముట్టుకోవద్దని చెప్పినట్టుంది. అతను యల్లా, సామాను సర్దండి అన్నాడు. కటింగ్ మెషీన్ సంచిలోకి వెళ్ళింది.

సర్దుతూ ఆ మనిషి నన్నడిగాడు, అసలు లావుకొనతో ఎందుకు కొడతారని. శబ్దం కోసం అన్నాను. అతని ముఖం వెలిగింది.

"డప్పుకు గూడ అంతే గద అక్కా. ఎడమచేతిల సన్నటి సిటికెన పుల్ల, కుడిచేతిల లావు సిర్ర. సప్పుడు ఊరవతలికి పోవాలంటే సిర్రనే గట్టిగ పడాలె. మా బాపు కొడ్తడు. నాకూ కొట్టుడు అస్తది."

నేను తలూపాను. ఏదన్నా తెలిస్తే చెప్పమని నా నంబర్ ఇచ్చాను. అంతకంటే ఏమీ మాట్లాడలేదు.

మాట్లాడాల్సింది ఉంది. అది తిరిగి వెళ్ళేటప్పుడు కారులో ఆపాతో చెప్పాను. మా తాత కూడా డప్పు కొట్టేవాడు. ఊళ్ళో చావైనా, జాతరైనా ఆయన డప్పే ముందు నడవాలి, కానీ ఆయన మాత్రం ఎవరి గడపా దాటకూడదు. మా నాన్న కాలానికి చర్చిలో చేరాం, డప్పు అటక ఎక్కింది, తర్వాత దాని మాటే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఈ దేశంలో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే చర్చిలో నేర్చుకున్నాననేదాన్ని. అది నిజమే. కానీ మూడో ఆదివారం ఎవరూ నేర్పకుండానే నా చేతులకు లయ ఎలా తెలిసిందో అది చెప్పదు.

ఆపా సిగ్నల్ దగ్గర బండి ఆపి విన్నది. "అయితే మీ ఖాందాన్‌లనే ఉన్నది," అన్నది. "ఈ మాట ఆ సూపర్‌వైజర్‌కి చెప్తే ఇంకా జల్దీ మానేటోడు గదా." అంత మామూలుగా అన్నది. ఇన్నేళ్ళు దాచినది నాకే కాస్త వింతగా తోచింది.

ఆదివారం సాయంత్రం ల్యాబ్‌లో ఉండగా ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, మనదే కరెక్టట. ఇగ్రహం చేసినాయననే చెప్పిండట, పుల్లలు ముట్టుకుంటే ఊకోనన్నడట. సూపర్‌వైజర్ సారీ అనలే గని చాయ్ తాపిండు." దాన్ని రెండుసార్లు విన్నాను. పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను, తాత సంగతితో సహా. ఆ రాత్రి ఇంటికొచ్చాక మా ఆయనకు కూడా ఫోన్ చేసి చెప్పాను. పెళ్ళికి ముందు నేను వాయించేదాన్నని ఆయనకు తెలుసు, ఎప్పుడూ వినలేదు. ఎట్ల వాయించేదానివి అని అడిగాడు. వంటగట్టు మీద రెండు గరిటెలతో, ఫోన్ స్పీకర్ పెట్టి వాయించి వినిపించాను. అవతల ఆయన గదిలోవాళ్ళు కూడా విన్నారని తర్వాత తెలిసింది.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం ఆపా, మా ఆయన, నేను మళ్ళీ వెళ్ళాం. టేపు లేదు. విగ్రహం పక్కనున్న బోర్డు మీద అరబిక్‌లో, ఇంగ్లీషులో కొత్తగా ఒక వాక్యం చేరింది, ఈ కళాకారుడు పుల్లలను తిరగేసి పట్టుకుని వాయించేవాడని. జగిత్యాల తమ్ముడికి ముందే చెప్పి ఉంచాను. లేబర్ క్యాంపు నుంచి ఎనిమిది మందిని వెంటేసుకుని వచ్చాడు. అందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు.

విగ్రహం ముందు నిలబెట్టి వాళ్ళకు చెప్పాను, పూర్తి సెట్టులో ఏ డ్రమ్ము ఎక్కడుంటుంది, కాలితో కొట్టేదేమిటి, స్టాండు మీద పళ్ళెంలా ఉండేదేమిటి అని. వాళ్ళు తలా ఒకటి అడిగారు. ఇతనికి చదువుందా అని ఒకతను. పెళ్ళిళ్ళలో కొట్టేవాడా అని ఇంకొకతను. మొదట్లో కొట్టే ఉంటాడని చెప్పాను. నాకు తెలియదు గానీ, తప్పు కాదనుకుంటాను. మా తాత డప్పు గురించి కూడా వాళ్ళ ముందు చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏ దరువు బాగా కొట్టేవాడని మాత్రం అడిగారు. చిన్నప్పుడు తాత మంచం పట్టె మీద తట్టగా విన్నది విగ్రహం దిమ్మె మీద అరచేత్తో కొట్టి చూపించాను. కొంచెం తప్పిందట. అక్కడికక్కడే ఇద్దరు దిద్దారు, నేను మళ్ళీ కొట్టాను.

అప్పుడు తమ్ముడు విగ్రహంతో దిగిన ఫోటో ఇంటికి పంపిన సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న ఫోన్ చేశాడట. ఆయనకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల డప్పు కొట్టేటోనికి గూడ ఇగ్రహం పెడ్తరా బిడ్డా అని అడిగిండు, అక్కా."

"నువ్వేమన్నవ్?"

"పెడ్తరు బాపూ, నేనే పెట్టిన అన్న."

చెప్పి నవ్వలేదు అతను. విగ్రహం మోకాలి మీద ఎవరో వదిలిన వేలిముద్రల మరకను చొక్కా చేతితో తుడిచి, మిగతావాళ్ళను ఫోటోకు వరుసగా నిలబెట్టాడు. ఫోటో మా ఆయన తీశాడు. ఆపా మధ్యలో నిలబడింది.