మా యారాలి గడీ

మా యారాలు పోయిందన్న కబురు ఆసుపత్రి నుంచి ఫోన్‌లో వచ్చింది. కరోనా రెండోసారి సూరత్ మీద పడిన ఎండాకాలం అది. అవతలి మనిషి హిందీలో ఆమె పేరు, వార్డు చెప్పి, ఇద్దరే రండి, అంతకుమించి వద్దన్నాడు. ఆమె భర్త అయిన మా బావ, మా ఆయన వెళ్లారు. చాలా దూరం నుంచి చూపించారట. చూసింది ఆమెనో కాదో కూడా తెలియలేదని మా బావ ఇప్పటికీ అంటుంటాడు.

తోటికోడలిని మా తెలంగాణలో యారాలంటారు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఒక మనిషి పోతే ఆమె బీరువా గురించి రాయడం సబబేనా అని చాలా రోజులు తటపటాయించాను. ఇప్పటికీ ఆ సందేహం తీరలేదు. కానీ కళ్లు మూసుకుంటే మొదట కనిపించేది తెరిచిన బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చున్న ఆమె వీపే.

నేను కరీంనగర్‌లో ఎం.ఏ. చేసి, పెళ్లయి సూరత్ వచ్చేసరికి ఇక్కడి ఉధనా పేటలో మావి రెండు గదులు. గోడ అవతల మరమగ్గాలు పగలంతా దడదడలాడేవి. మా బావ వాటి మీదే పని చేసేవాడు. ఇంటి మొత్తానికి రెండు తలుపుల ఇనుప బీరువా ఒక్కటే. నేను పెట్టె దించకముందే ఆమె తన బట్టలన్నీ ఒక వైపుకు జరిపేసి ఉంచింది.

"అద్దం దిక్కు నీది చెల్లె, తాళం దిక్కు నాది. కొత్త పెండ్లిపిల్లవు, అద్దం నీకే అక్కెర. నా మొకం నేను చూసుకునుడు ఎప్పుడో అయిపోయింది" అంది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు.

ఆ బీరువాకు ఆమె పెట్టిన పేరు గడీ. దాని వెనక ఒక కథ ఉంది. ఆమె కొత్తగా సూరత్ వచ్చినప్పుడు పక్కింటి గుజరాతీ ఆమె, ఆరేసిన బట్టలు చూపించి "గడీ కర్" అందట. గుజరాతీలో గడీ అంటే మడత. మన ఊళ్లలో గడీ అంటే దొర ఉండే భవంతి. "బట్టలు సూపిచ్చుకుంట బంగ్ల కట్టుమంటది ఏంది అని బుగులు పట్టింది చెల్లె" అని ఆమె చెబుతుంటే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. చివర్లో మాత్రం నవ్వు ఆపి, "దొర గడీల మా అవ్వ వాకిలి దాటి లోపటికి పోలే. గీ గడీకి మనమే దొరసానులం" అనేది.

దొరసాని దగ్గర డబ్బు పెట్టి కొన్న సామానేమీ లేదు. చీరల డబ్బాల అట్టలు కోసి అరల్లో అడ్డుగోడలు నిలబెట్టేది. మగ్గాల దగ్గర మిగిలిన దారం బావ తెస్తే హ్యాంగర్లకు చుట్టేది. బట్ట జారదు, పైగా ఒక్కో వరుసకు ఒక్కో రంగు. చీర మడతలోనే దాని జాకెట్టు, లంగా. చేయి పెడితే జతంతా ఒక్కసారే వచ్చేది. అంచులన్నీ బయటికి కనబడేలా, ముదురు రంగుల నుంచి లేత రంగులకు. చుట్టాలు వస్తే ఏదో వంకన ఒక తలుపు తెరిచి ఉంచేది. అది ఆమె సోకు. పెదవులకు, గోళ్లకు ఏ రంగూ వేయని మనిషికి అదొక్కటే సోకు.

నా వైపు చూసి మాత్రం తల పట్టుకునేది. "ఎం.ఏ.ల గిది చెప్పలేదా నీకు? బీరువ దెరిస్తె చీర మనల్ని పిలువాలె. మనం దాన్ని బతిమిలాడద్దు." తిట్టుకుంటూనే నా వైపూ ఆమే సర్దేది. కాబట్టి నేను నేర్చుకోలేదు.

చీరల్లో చాలావరకు ఇక్కడి పాలిస్టరువే. "సూరత్ చీరకు సావు లేదు. మనం పోతం, అది ఉంటది" అని నవ్వేది. పట్టుచీరల సంగతి వేరు. నాలుగైదు నెలలకోసారి వాటిని మంచం మీద పూర్తిగా విప్పి, మడత పడే చోటు మార్చి మళ్లీ మడిచేది. "ఒక్క జాగనే మడిస్తె జరి ఇరుగుతది. చీరైనా గంతే, మనిషైనా గంతే." మనిషి సంగతి నాకు తెలియదు. ఆ మాట ఆమె తన గురించి అందో, నా గురించి అందో, నోటికొచ్చి అందో అడగలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, చుట్టుపక్కల మనవాళ్లంతా దొరికిన బండెక్కి ఊళ్లకు పోతుంటే మేం ఇక్కడే ఉండిపోయాం. ఆ నిశ్శబ్దంలో బావ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆమె మాత్రం బీరువా ఖాళీ చేసి మళ్లీ సర్దేది, మళ్లీ ఖాళీ చేసేది. పదో తరగతి చదివే కూతుర్ని పిలిస్తే ఆ పిల్ల ఫోన్ మీద నుంచి కళ్లెత్తేది కాదు. బట్టలన్నీ కుర్చీ మీద కుప్ప. "మా పోరికి కుర్చీయే బీరువ. రేపు అత్తగారింటికి కుర్చీనే పంపియ్యాలె" అనేది.

ఆమె పోయాక పరుపు, దుప్పట్లు, ఆఖరున కట్టుకున్న బట్టలు వెనక ఖాళీ స్థలంలో కాల్చేశారు. తర్వాత మాతోనే ఉండే అత్తమ్మ బీరువా వైపు చూసింది.

"గవి గూడ తియ్యాలె. సచ్చినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచద్దు. మీదికెల్లి గీ రోగమాయె."

పిల్ల వెళ్లి బీరువాకు వీపు ఆనించి నిలబడింది. "హాథ్ మత్ లగావో బాపమ్మా. ఒక్కటి గూడ ముట్టద్దు."

"నాకు మాత్రం మనసొప్పుతదా బిడ్డా? ఇంట్ల మిగిలినోళ్లను జూస్కోవాలె గద." అత్తమ్మ నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి, నువ్వన్న జెప్పు."

నాకు తెలియదు. బట్ట మీద ఆ రోగం గంటలే ఉంటుందని ఒకచోట చదివాను, రోజులుంటుందని మరోచోట చదివాను. "తాళం వేద్దాం అత్తమ్మా. కొన్నాళ్లు ఎవరం తెరవొద్దు" అన్నాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. నా వైపు బట్టలు పెట్టెలోకి మార్చుకున్నాను, తాళంచెవి పిల్ల తీసుకుంది. తర్వాత అత్తమ్మ ఆ మాట ఎత్తలేదు.

వానాకాలం వెళ్లింది. పిల్ల అప్పుడప్పుడు తలుపు తీసి, కాసేపు నిలబడి, మళ్లీ మూసేది. దేన్నీ ముట్టుకునేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"బిడ్డా, పట్టుచీరలన్నా ఒకసారి విప్పి మడత మార్చాలె. లేకపోతే పాడైపోతయ్."

"ఆ మడత మమ్మీ పెట్టింది చిన్నమ్మా. విప్పినమంటే ఖతం. మళ్లా ఎవలు పెడ్తరు గట్ల?"

చీర నిలవాలంటే ఆమె చేసిన ఆఖరి మడత విప్పాలి. మడత నిలవాలంటే చీరను వదులుకోవాలి. వాళ్లమ్మ ఉంటే చీరే దక్కాలనేది, అది నాకు తెలుసు. కానీ ఆ పిల్లకు కావలసింది చీర కాదు. ఏది సరైనదో తేల్చుకోలేక నేను మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

సంవత్సరీకానికి ఫొటో ముందు పెట్టడానికి అమ్మ పెళ్లిచీర తానే తీస్తానంది పిల్ల. గదిలోంచి ఎంతసేపటికీ రాకపోతే వెళ్లాను. ఎర్ర పట్టుచీర ఒళ్లో ఉంది. మడత గీత వెంట జరీ పోగులు తెగి లేచి ఉన్నాయి. పిల్ల వేళ్లకు బంగారు రంగు నలుసులు అంటుకున్నాయి.

"ఇరిగింది చిన్నమ్మా" అంది. అంతే.

కార్యక్రమం అయిపోయాక తనే ఒక్కో అరను ఫోన్‌లో ఫొటో తీసింది. దగ్గరగా, అంచులు కనబడేలా. తర్వాత మొదటి పట్టుచీరను మంచం మీద వేసింది. "పట్టుకో చిన్నమ్మా." ఒక కొస నేను, ఒక కొస తను. విప్పుతుంటే లోపలి నుంచి జాకెట్టు జారిపడింది. భుజం దగ్గర పిన్నీసు అలాగే ఉంది, దాని చుట్టూ తుప్పు మరక. పిల్ల దాన్ని తీసి తన చున్నీకి పెట్టుకుంది.

"మమ్మీ ఇటు మడిచేదా, అటా?"

"నాకు తెలువదు బిడ్డా. నావీ ఆమెనే మడిచేది."

ఇద్దరం చేతకాని వాళ్లమే. ఒక్కోటీ విప్పి, గీత పక్కకు జరిపి, మళ్లీ మడిచాం. పిల్ల మడతలు లావుగా, వంకరగా వచ్చాయి. సర్దడం అయ్యాక తలుపు నెట్టింది. పడలేదు. భుజంతో నెట్టింది. అయినా పడలేదు.

అత్తమ్మ వచ్చి చూసింది. "ఏందే గిది, తలుపు పడ్తలేదు. తీసి మల్ల పెట్టు."

"ఉండనీ బాపమ్మా" అంది పిల్ల.

ఇప్పటికీ అది వేలెడంత తెరిచే ఉంది. ఆ సందులోంచి ఎర్ర అంచు ఒకటి బయటికి వచ్చి, ఫ్యాను గాలికి కొద్దికొద్దిగా కదులుతుంటుంది. అటుగా వెళ్లినా మాలో ఎవరం దాన్ని లోపలికి తోయం.